కట్టేది ఏడాది, కాపాడేది యాభై ఏళ్లు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "తమ్ముడూ, నువ్వుండే చోటి కబురు ఏదైనా చెప్పు. పిల్లలకు సరదాగా ఉండాలి, సంఘానికి పనికిరావాలి, పావుగంట దాటకూడదు" అన్నారు. మూడు షరతులూ కలిసొచ్చే విషయం ఏమిటా అని ఆలోచిస్తే డిస్నీల్యాండు తట్టింది.

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో, నేనుండే ఆరెంజ్ కౌంటీలోనే, అనహైమ్ అనే ఊళ్లో ఉంది అది. అక్కడి తెలుగు ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే మొదటి నెలలో మాలిబు వేంకటేశ్వరస్వామి గుడి, రెండో నెలలో డిస్నీల్యాండు. గుడి పెద్దల కోసం, డిస్నీల్యాండు మనవల కోసం. అలా చుట్టాలను వెంటబెట్టుకుని తిరిగీ తిరిగీ నాకు వరసలో నిలబడే ఓపిక తగ్గి, చెట్ల కింద బెంచీల మీద కూర్చోవడం అలవాటైంది. కూర్చున్నవాడికి కనిపించే సంగతులు వేరు. ఏ చెట్టు ఎక్కడుంది, రాలిన ఆకును ఎవరు ఎత్తుతున్నారు, ఏ గోడకు ఎప్పుడు రంగు వేశారు, ఇవన్నీ కనిపిస్తాయి. నేను ఆ పార్కు ఉద్యోగిని కాను. చూసినదీ, ఆ తర్వాత కుతూహలంతో చదివి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

ఒక విషయం ముందే చెప్పేస్తే మంచిది. స్వర్ణోత్సవ నిధిని దేనికి ఖర్చుపెట్టాలో ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో మనం తేల్చుకోవాలి. నేను డిస్నీల్యాండు పేరు చెప్పి అటువైపే నడుస్తున్నానని మీకు అనుమానం వస్తే, ఆ అనుమానం సరైనదే.

నారింజ తోటలో కొత్త ఊరు

వాల్ట్ డిస్నీ ఆ స్థలం కొన్నప్పుడు అది 160 ఎకరాల తోట. ఎక్కువ భాగం నారింజ, కొంత వాల్‌నట్. 1954 జూలైలో పని మొదలైంది. 1955 జూలై 17న పార్కు తెరిచారు. అంటే సరిగ్గా ఏడాది. ఖర్చు సుమారు 1 కోటీ 70 లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు.

చెట్ల పని ఇవాన్స్ అన్నదమ్ములకు అప్పగించారు. ఒకాయన జాక్, ఇంకొకాయన మోర్గన్. ఈ రెండో ఆయన్ని అందరూ బిల్ ఇవాన్స్ అనేవారు. అంతకుముందు డిస్నీ ఇంటి తోట వేసింది వీళ్లే. వీళ్లకు నర్సరీ ఉండేది. ఏడాదిలో మొక్క పెరిగి చెట్టు కాదు కదా! కొత్త ఊరికి వందేళ్ల ఊరి నీడ కావాలంటే ఎక్కడి నుంచి తేవాలి? అదే సమయంలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పెద్ద పెద్ద రహదారులు వేస్తున్నారు. రోడ్డుకు అడ్డమొచ్చిన చెట్లను కొట్టేస్తున్నారు. ఇవాన్స్ సోదరులు వెళ్లి ఆ చెట్లను వేళ్లతో సహా తవ్వి తెచ్చుకున్నారు. రోడ్డు వెడల్పు పేరిట మన దగ్గర చింతచెట్లు, మర్రిచెట్లు ఎన్ని పోయాయో మీకు తెలుసు. వాటిలో కొన్నిటికి మరోచోట బతుకు ఇవ్వవచ్చని డెబ్బై ఏళ్ల కిందటే ఒక తోటమాలి చేసి చూపించాడు.

తోటలోనే ఉంచదలుచుకున్న చెట్లకు రంగు గుడ్డలు కట్టారట. బుల్‌డోజరు నడిపే ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియక అన్నీ పడగొట్టేశాడని అక్కడి పాతవాళ్లు కథగా చెప్పుకుంటారు. పోయినవి పోగా మిగిలినవాటితో చేసిన పని చూడండి. అడవిలో పడవ ప్రయాణం కోసం ఒక నది తవ్వారు. దాని పేరు జంగిల్ క్రూజ్. అడవి చెట్టులా వంకరటింకరగా కనిపించేది ఏదీ దొరక్క, పెకలించిన నారింజ చెట్లను తలకిందులుగా పాతారు. వేళ్లు పైకి లేచి ఏదో తెలియని దేశపు కొమ్మల్లా కనిపించాయి. వాటిమీదికి తీగలు పాకించారు. పిల్లలూ, లేనిదాన్ని తలుచుకుని కూర్చోకుండా చేతిలో ఉన్నదానితో పని కానివ్వడమంటే ఇదే.

ఒక్క చెట్టును మాత్రం ఎంతో భద్రంగా కదిపారు. ఆ భూమి అమ్మిన కుటుంబాల్లో డొమింగెజ్ వాళ్లు ఒకరు. వాళ్లింట్లో 1896లో పెళ్లి కానుకగా వచ్చిన ఒక ఖర్జూరపు జాతి చెట్టు ఉండేది. దాన్ని కొట్టొద్దని అడిగారు. టన్నుల బరువున్న ఆ చెట్టును లేపి జంగిల్ క్రూజ్ పక్కన నాటారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ ఇంటి అబ్బాయి రాన్ డొమింగెజ్ పార్కు తెరిచేటప్పుడు టికెట్లు చింపే ఉద్యోగంలో చేరి, చివరికి ఉపాధ్యక్షుడి స్థాయికి ఎదిగి పదవీ విరమణ చేశాడు. సొంత ఇల్లు ఉన్న నేలమీదే ఉద్యోగం చేసినవాడు ఆ నేలను ఎలా చూసుకుంటాడో వేరే చెప్పాలా? పూర్వ విద్యార్థికీ బడికీ ఉండే సంబంధం అటువంటిదే.

సినిమా సెట్టు, నిజం నీడ

ఇక ఆ పార్కు అలంకరణ. ఇంగ్లీషులో థీమింగ్ అంటారు. ఒక్కో పేటకు ఒక్కో కథ. ఒకచోట అడవి, ఒకచోట పాతకాలపు అమెరికా సరిహద్దు పల్లె, ఒకచోట రాజుల కోట, ఒకచోట రేపటి లోకం. వీటిని గీసినవాళ్లలో చాలామంది సినిమాల్లో కళాదర్శకులుగా పనిచేసినవాళ్లు. రామోజీ ఫిల్మ్ సిటీ చూసినవాళ్లకు ఈ విద్య కొత్తకాదు. ముందు నుంచి చూస్తే విమానాశ్రయం, వెనక్కి వెళ్తే ఇనుప చట్రం.

లోపలికి అడుగుపెట్టగానే మెయిన్ స్ట్రీట్ అనే వీధి వస్తుంది. డిస్నీ చిన్నప్పుడు పెరిగిన మార్సెలిన్ అనే చిన్న ఊరి జ్ఞాపకంతో కట్టించుకున్నది. ఆ మేడల్లో కింది అంతస్తు దాదాపు మామూలు కొలతలో ఉంటుంది. పై అంతస్తు చిన్నది, ఆపైది ఇంకా చిన్నది. దాంతో మేడ అసలు ఎత్తుకన్నా ఎత్తుగా కనిపిస్తుంది. కోట కూడా అంతే. దాని ఎత్తు 77 అడుగులే. పైకి పోయేకొద్దీ రాళ్ల పరిమాణం తగ్గించడంతో కన్ను మోసపోయి ఇంకా పెద్దదనుకుంటుంది.

పార్కు చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోసి, దానిమీద రైలు నడిపి, చెట్లు పెంచారు. లోపలున్నవాడికి బయటి రోడ్డూ, కరెంటు స్తంభాలూ కనపడవు. తప్పనిసరై లోపలే ఉండాల్సిన కంచెలు, పెట్టెలు, వెనక తలుపులు ఉంటాయి కదా, వాటికి బూడిద కలిసిన ఒక ఆకుపచ్చ రంగు వేస్తారు. అక్కడివాళ్లు ఆ రంగుకు పెట్టుకున్న ముద్దుపేరుకు మన మాటల్లో అర్థం చెప్పాలంటే "పో పో పచ్చ". కన్ను దానిమీద నిలవకుండా పక్కకు జారిపోతుంది. నది నీళ్లకు కూడా రంగు కలుపుతారు. అడుగున పడవను నడిపించే పట్టా కనిపించకుండా ఉండటానికి.

1962లో అయితే ఏకంగా ఒక పెద్ద చెట్టునే ఉక్కుతో, సిమెంటుతో కట్టారు. ఆకులు ప్లాస్టిక్కువి. దానికి లాటిన్‌లో ఒక వేళాకోళపు శాస్త్రీయ నామం కూడా పెట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సినిమా సెట్టు షూటింగు అయ్యేదాకా నిలబడితే చాలు. కెమెరా ఎటు చూస్తే అటువైపే బాగుంటే చాలు. ఈ సెట్టు మీద మాత్రం ఏడాది పొడుగునా ఎండా వానా పడతాయి. పిల్లలు చేతులతో తడుముతారు, ఎక్కుతారు, గోకుతారు. నిజం చెట్టుకు నీళ్లు కావాలి, సిమెంటు చెట్టుకు రంగు కావాలి. కట్టిన రోజు నుంచే ప్రతిదీ పాడవడం మొదలుపెడుతుంది. అందుకే అక్కడ అలంకరణ, తోటపని, మరమ్మతు అనేవి మూడు వేరు వేరు పనుల్లా కనిపించినా ఒకే పని. ఒకటి ఆగితే మిగతా రెండూ వ్యర్థం.

తెరిచిన రోజు తేలిన లోపాలు

అంత గొప్పగా కట్టిన పార్కు మొదటి రోజు ఎలా ఉందో తెలుసా? ఎండ మండిపోతోంది. అంతకుముందే వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల ఎత్తు మడమల చెప్పులు అందులో దిగబడ్డాయి. అంతకుముందు పైపుల పనివాళ్లు సమ్మె చేయడంతో మంచినీళ్ల కుళాయిలు చాలినన్ని పనిచేయలేదు. జనం అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చారు.

తోట పనికి డబ్బు అయిపోయింది. పడవలు తిరిగే ఒక కాలువ గట్టు మట్టిదిబ్బగా మిగిలిపోయింది. దానిమీద కలుపు మొలిచింది. డిస్నీ వచ్చి చూసి, ఆ కలుపు మొక్కల పక్కన లాటిన్ పేర్లు రాసిన పలకలు పెట్టించమన్నాడని బిల్ ఇవాన్స్ తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. చూసేవాళ్లు ఏదో అపురూపమైన మొక్క అనుకుంటారు కదా అని.

ఈ మాట విని మన పిల్లలు నవ్వుతున్నారు. నవ్వండి. అయితే తర్వాత జరిగింది కూడా వినండి. బోర్డు పెట్టి ఊరుకోలేదు. మరుసటి ఏడాదికల్లా ఆ మట్టిగట్లను చిట్టి ఊళ్లుగా, చిట్టి తోటలుగా మార్చారు. బొమ్మ ఇళ్లకు తగ్గట్టు చెట్లు కూడా పొట్టిగానే ఉండాలి కాబట్టి వాటిని కత్తిరిస్తూ, కత్తిరిస్తూ పెంచుతున్నారు. ఇప్పటికీ కత్తిరిస్తూనే ఉన్నారు. పలక పెట్టడం ఒక రోజు పని. పొట్టి చెట్టును పొట్టిగా ఉంచడం డెబ్బై ఏళ్ల పని. మనలో చాలామందికి మొదటి పని బాగా వచ్చు. శంకుస్థాపన ఫలకాలు చూడండి, తెలుస్తుంది.

రూత్ షెల్‌హార్న్ అనే ఆవిడ గురించి కూడా చెప్పాలి. ఉద్యానవన రూపశిల్పి. తెరవడానికి నాలుగు నెలల ముందు, 1955 మార్చిలో ఆమెను పిలిచారు. జనం ఎటు నుంచి ఎటు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, నీడ ఎక్కడుండాలి అని ఆలోచించి దారులూ, కోట ముందు మొక్కలూ ఆమె కూర్చింది. దారుల సంగతిలో మరో ముచ్చట చెబుతారు. జనం ఒక పూలపాదును తొక్కుకుంటూ అడ్డదారిన పోతుంటే తోటమాలి కంచె వేస్తానన్నాడట. డిస్నీ వద్దని, అక్కడే దారి వేయమన్నాడట. జనం కాళ్లు ఎటు పోతున్నాయో అదే దారి. మన బడి వెనక గోడకు ఉన్న కంత ఎన్నిసార్లు పూడ్చారో, ఎన్నిసార్లు మళ్లీ పడిందో డ్రిల్లు మాస్టారికి గుర్తుండే ఉంటుంది. అక్కడొక చిన్న గేటు పెట్టి ఉంటే ఈ పాటికి ఆ గోడ నిలబడి ఉండేది.

రాత్రి పూట పార్కు

పగలు పార్కు చూసినవాళ్లు సగమే చూసినట్లు. జనం వెళ్లాక రాత్రి పని మొదలవుతుంది. వీధులు గొట్టాలతో కడుగుతారు. పెచ్చులు ఊడినచోట రంగు వేస్తారు. వాడిన పూలమొక్కలు తీసి కొత్తవి నాటుతారు. ముఖద్వారం దగ్గర పూలతో అల్లిన మిక్కీ ముఖం ఉంటుంది. దాన్ని ఏడాదికి ఎన్నోసార్లు మార్చి నాటుతారు. రైడ్ల చక్రాలు, పట్టాలు తెల్లవారేలోపు చూసుకోవాలి. పెద్ద పనులుంటే ఒక రైడును కొన్ని వారాలో నెలలో మూసేస్తారు. నదిని కూడా అప్పుడప్పుడూ తోడేసి అడుగు శుభ్రం చేస్తారు.

ఎలుకల సంగతి చూసుకోవడానికి పిల్లులు ఉన్నాయి. తొలిరోజుల నుంచీ అక్కడ చేరినవి. వాటిని తరిమేయకుండా తిండి పెట్టి, టీకాలు వేయించి, పిల్లలు కాకుండా ఆపరేషను చేయించి ఉంచుకున్నారు. పగలు పొదల్లో నిద్ర, రాత్రి డ్యూటీ. మిక్కీ మౌస్ రాజ్యంలో పిల్లులకు ఉద్యోగం!

శుభ్రత శాఖకు మొదటి అధికారి చక్ బోయాజియన్. అతను నెలకొల్పిన పద్ధతులే తర్వాత ఆ సంస్థకు ప్రమాణాలయ్యాయి. ఆ పద్ధతుల వెనకున్న ఆలోచన ఒక్కటే: శుభ్రంగా ఉన్నచోట చెత్త వేయడానికి మనిషికి చెయ్యి రాదు, ఒక కాగితం పడి ఉంటే పదో కాగితం పడటానికి ఎంతోసేపు పట్టదు. అక్కడ చెత్తడబ్బాలు కూడా అడవిలో అడవి రంగులో, కోట దగ్గర కోట రంగులో ఉంటాయి. చేతిలో చెత్త ఉన్నవాడు ఎన్ని అడుగులు నడిచి విసిరేస్తాడో లెక్కచూసి అంత దూరంలోపే డబ్బా పెట్టారని చెబుతారు. చీపురు పట్టినవాళ్లను అక్కడ చాటున ఉంచరు. తెల్లటి బట్టలు వేసి జనం మధ్యే తిప్పుతారు. ఎవరైనా దారి అడిగితే చెప్పేది వాళ్లే. అక్కడ అన్నిటికన్నా ఎక్కువసార్లు జనం కంటపడే ఉద్యోగి ఊడ్చే మనిషే.

రంగు పెచ్చులు, ఒక బోల్టు

ఇదంతా వింటే ఆ పార్కు ఎప్పుడూ అద్దంలా ఉందనుకుంటారు. లేదు. 1990ల చివర్లో ఖర్చు తగ్గించాలని మరమ్మతుల మీద కత్తెర వేశారనే విమర్శ బలంగా వచ్చింది. ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లు రంగు పెచ్చులూడిన చోట్లను, మాడిపోయిన బల్బులను ఒక్కొక్కటిగా ఎత్తిచూపారు. చాలామంది నవ్వారు. రంగు ఊడితే కొంప మునిగిందా అన్నారు.

2003 సెప్టెంబరు 5న బిగ్ థండర్ మౌంటెన్ అనే కొండ రైలు పట్టా తప్పింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు చనిపోయాడు. మరో పదిమంది గాయపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వ అధికారులు విచారణ జరిపి, మరమ్మతు సరిగా చేయకపోవడమే కారణమని ఆ నవంబరులో తేల్చారు. చక్రాల అమరికలో బోల్టులు బిగించాల్సినంత బిగించలేదు. అవి వదులు కాకుండా పట్టి ఉంచాల్సిన తీగ వేయలేదు.

ఒక్కసారి ఆలోచించండి. కొండ చెక్కుచెదరలేదు. దాని అలంకరణ బ్రహ్మాండంగా ఉంది. ఎర్రటి రాళ్లు, గుహలు అన్నీ అద్భుతం. జనం కంటపడేదంతా బాగానే ఉంది. కంటపడని చోట, ఒక మనిషి రెంచితో మరికాస్త తిప్పాల్సిన చోట, ఒక ప్రాణం పోయింది. రంగు పెచ్చుకూ బోల్టుకూ సూటిగా సంబంధం లేకపోవచ్చు. రెండిటినీ చూడాల్సిన కన్ను మాత్రం ఒకటే. చిన్నదాన్ని చూసీచూడనట్టు వదిలేయడం ఒకసారి అలవాటైతే అది పెద్దదాని దగ్గర ఆగదు.

వాళ్ల స్వర్ణోత్సవం

ఈ సభకు నేను ఈ విషయమే ఎంచుకోవడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. 2005లో డిస్నీల్యాండుకు యాభై ఏళ్లు నిండాయి. మనలాగే స్వర్ణోత్సవం. 2003 చివర్లో మాట్ విమెట్ అనే ఆయన అధ్యక్షుడిగా వచ్చాడు. ఉత్సవానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరలో పార్కంతా తిరిగి రంగులు వేయించారు, పాడైనవి బాగు చేయించారు. స్పేస్ మౌంటెన్ అనే పెద్ద రైడును 2003 ఏప్రిల్ నుంచి 2005 జూలై దాకా మూసి ఉంచి, పాత పట్టాలన్నీ తీసేసి కొత్తవి వేశారు. మూసి ఉంచిన రోజుల్లో దానివల్ల పేరూ లేదు, రాబడీ లేదు. తెరిచాక చూసినవాడికి బయట నుంచి పెద్ద తేడా కూడా తెలియదు.

వాళ్లు బంగారు ముచ్చట చేసుకోలేదా అంటే చేసుకున్నారు. కోటకు కిరీటాలు తొడిగారు. మొదటి రోజు నుంచీ నడుస్తున్న రైడ్లలో ఒక్కో బండికి బంగారు రంగు వేశారు. నేను కూడా ఆ ఏడాది మా పిల్లలకు ఆ బంగారు బండిలో కూర్చోవాలనే పట్టుదల వస్తే వరసలో ముందువాళ్లను వదిలి వదిలి నిలబడ్డాను. బంగారు రంగు ఒక్క బండికే వేశారు. మరమ్మతు మాత్రం మొత్తం పార్కుకు చేశారు. ఆ పాళ్లు గుర్తుపెట్టుకోండి.

మన బడి సంగతి

ఇప్పుడు మన ఆవరణలోకి వద్దాం. కార్యవర్గం పంపిన ప్రతిపాదనల కాగితంలో మూడున్నాయి: రోడ్డు మీదికి స్వర్ణోత్సవ తోరణం, సరస్వతీదేవి విగ్రహం, ఒక డిజిటల్ తరగతి గది. మూడూ మంచివే. తోరణం వద్దని నేననను. దానికింద నుంచి నడిచి రావాలని నాకూ ఉంది. నేనడుగుతున్నది నాలుగో గీత. సంరక్షణ నిధి.

నిన్న సాయంత్రం ఆవరణంతా నడిచాను. ఒక బ్యాచి ఎంతో ప్రేమతో ఇచ్చిన మంచినీళ్ల యంత్రం ఉంది. దాతల పేర్ల ఫలకం తళతళలాడుతోంది. ఫిల్టరు ఎప్పుడు మార్చారని అడిగితే ఎవరికీ తెలియదు. ఇంకో బ్యాచి కట్టించిన ఆడపిల్లల మరుగుదొడ్లు ఉన్నాయి. గోడలు గట్టివే. పైన ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు పనిచేయడం లేదు. ఆ మోటారు బాగు చేయడానికి అయ్యే ఖర్చు ఈ రోజు మన వేదిక మీది పూలదండల ఖర్చు దాటదు. మోటారు ఆగితే ఏమవుతుందో మగవాళ్లం మనం ఆలోచించం. ఆడపిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగడం మానేస్తుంది. నెలలో కొన్ని రోజులు బడికే రావడం మానేస్తుంది. ఈ సభలో ఉన్న అక్కయ్యలకు, చెల్లెళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

మొక్కలు నాటే కార్యక్రమం ఏటా జరుగుతోంది. ఫొటోలు కూడా చూశాను. ప్రతి ఏడూ అవే గుంతల్లో కొత్త మొక్కలు. నాటడం పండగ, నీళ్లు పోయడం పని. పండగకు అందరూ వస్తారు. మే నెలలో బడికి సెలవులిస్తే ఆ నలభై రోజులూ పాదుల్లో నీళ్లు పోసేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు కాగితం మీద ఉంటేనే మొక్క నాటాలి, లేకపోతే నాటొద్దు. ఏం నాటాలో కూడా ఆలోచించాలి. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వరసలు వేసి తర్వాత తలలు పట్టుకున్న ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. వేప, కానుగ, బాదం, నేరేడు మనకు చాలు. నిదానంగా పెరుగుతాయి, మనవల దాకా ఉంటాయి.

మన నిద్రగన్నేరు చెట్టు ఉంది కదా, ఈ సభ నీడ దానిదే. మనలో ప్రతి ఒక్కరూ దాని కింద కూర్చుని అన్నం తిన్నవాళ్లే. రెండు పెద్ద కొమ్మలు ఎండి ప్రార్థన జరిగే చోటి మీదికి వాలి ఉన్నాయి. చెట్టు మొదట్లో చుట్టూ సిమెంటు గచ్చు వేసి వేరుకు గాలి, నీరు అందకుండా చేశారు. చెట్టు తెలిసినవాళ్లను పిలిచి ఎండు కొమ్మలు తీయించి, గచ్చు పగలగొట్టి, పాదు చేయాలి. ఇది వర్షాకాలం లోపు జరగాలి. ఎందుకంటే ఈదురుగాలి మన తీర్మానాల కోసం ఆగదు. ఆ కొమ్మ కింద నిలబడేది మన పిల్లలు. నేను చెప్పిన బోల్టు మన బడిలో ఎక్కడుందని ఎవరైనా అడిగితే తలెత్తి చూడమంటాను.

నా ప్రతిపాదన సూటిగా చెబుతాను. సంఘం ఇకనుంచి కొత్తగా ఏది కట్టినా, ఏది కొన్నా, దాని ఖర్చులో నాలుగోవంతుకు సమానమైన సొమ్ము బ్యాంకులో శాశ్వత డిపాజిట్టుగా వేయాలి. అసలు ముట్టుకోకూడదు. వడ్డీతో ఆ వస్తువును చూసుకోవాలి. ఆ నాలుగోవంతు సమకూరకపోతే ఆ పని ఆ ఏడాదికి వాయిదా. తోరణానికైనా, విగ్రహానికైనా ఇదే లెక్క. కొత్త తరగతి గదిలో బ్యాటరీలు, ప్రొజెక్టరు బల్బు మార్చడానికి కూడా ఇదే లెక్క.

రెండోది, ఒక రిజిస్టరు. మోటారు, ట్యాంకు, ఫిల్టరు, కరెంటు తీగలు, పైకప్పు పెచ్చులు, చెట్లు. ఒక్కోదానికి ఒక్కో పుట. ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, ఏం చేశారు. నెలకొకసారి ఊళ్లో ఉన్న ఇద్దరు సభ్యులు వచ్చి, వస్తువును కళ్లారా చూశాకే సంతకం పెట్టాలి. చూడకుండా పెట్టిన సంతకం అసలు సంతకం లేకపోవడం కన్నా ప్రమాదం. దూరాన ఉన్న మాలాంటివాళ్లం డబ్బు పంపగలం, సంతకం పెట్టలేం. అందుకని ఊళ్లో ఉన్న మీ మాటే ఇందులో చెల్లాలి.

మూడోది, ఈ ఆవరణను రోజూ ఊడ్చే ఆయాకు, నీళ్లు పోసే అటెండరుగారికి నెల నెలా సంఘం తరఫున కొంత గౌరవ వేతనం. ఈ రోజు శాలువాలు కప్పించుకున్నవాళ్లలో వాళ్లు లేరు. సాయంత్రం లోపు ఆ లోటు తీర్చవచ్చు. వాళ్లిద్దరూ అదిగో, నీళ్ల క్యాన్ల దగ్గర నిలబడి ఉన్నారు.

పేర్ల విషయం ఒకటి మిగిలింది. దాతల పేర్లు ఫలకం మీద ఉండాలనుకోవడంలో తప్పులేదు. మనిషన్నాక ఆ కోరిక ఉంటుంది. కాకపోతే ఫలకంలో ఒక వరస కలుపుదాం. "కట్టించినవారు" అని రాసినచోట కింద "చూసుకుంటున్నవారు" అని రాసి, ఏటేటా ఆ పేరు మార్చుకునేలా కాస్త ఖాళీ వదులుదాం. ఆ ఖాళీలో తన పేరు చూసుకోవాలని పోటీపడే బ్యాచి ఏదో చూద్దాం. మా బ్యాచి మొదటి ఏడాదికి ఆడపిల్లల మరుగుదొడ్ల మోటారును, నీళ్లను తీసుకుంటుంది. మావాళ్లను అడిగే ఈ మాట చెబుతున్నాను. నిద్రగన్నేరు చెట్టును ఏ బ్యాచి తీసుకుంటుందో సాయంత్రం సమావేశంలో చెప్పండి.

పావుగంట దాటిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు.